అన్నకు చెప్పని తొంభై మూడు

తొంభై మూడు పెట్రోలంటే బలమైన పెట్రోలని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పట్లో బంకుల్లో రెండు రకాలుండేవి, మామూలుది ఎనభై మూడు, పైరకం తొంభై మూడు. ఆ అంకెలకూ బలానికీ సంబంధం లేదు. ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చి గాలినీ పెట్రోలు ఆవిరినీ కలిపి నొక్కుతుంది. ప్లగ్గు వెలిగించిన మంట తన దాకా వచ్చేవరకు ఓర్చుకునే పెట్రోలు ఒకటి, ఓర్చుకోలేక ఎక్కడికక్కడ పేలిపోయేది ఇంకొకటి. ఆక్టేన్ అంకె చెప్పేది అంతే. మామూలు బండికి పెద్ద అంకె పోసినంత మాత్రాన అది పరుగులు పెట్టదు. కానీ గట్టిగా నొక్కే ఇంజన్‌కు చిన్న అంకె పోస్తే ఆ పేలుళ్ళకు పిస్టన్లే కరిగిపోతాయి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

డెబ్బైల చివర్లో తిరుపతి బస్టాండు దగ్గర మోటారు స్పేరు పార్టుల అంగట్లో పని చేసేవాణ్ణి. మా నాయన చిత్తూరు పక్కనున్న చెరకు పొలంలో కొంత అమ్మి ఇస్తే, నేనూ మా అన్నా కలిసి పాత అంబాసిడర్ ఒకటి కొన్నాం. అన్న నడిపేవాడు. చిత్తూరులో జనాన్ని ఎక్కించుకుని తిరుపతికి, అక్కణ్ణించి కొండ మీదికి.

అన్న గొప్ప డ్రైవరు. ఈ మాట ఆ రోజుల్లో నా నోట ఒక్కసారి కూడా రాలేదు. ఘాట్ రోడ్డులో మలుపు రాకముందే గేరు దించేవాడు. ఇంజన్‌ను ఎప్పుడూ రొప్పనిచ్చేవాడు కాదు. వెనక సీట్లో పసిబిడ్డ నిద్రపోతుంటే కొండ చేరేదాకా లేచేది కాదు. టాక్సీ స్టాండులో మిగతా డ్రైవర్లు కూడా తమ ఇంట్లో ఆడవాళ్ళను కొండకు పంపాలంటే మా బండే అడిగేవాళ్ళు.

నాకు అది చాలలేదు. ఒక ఆదివారం నేను ముందు సీట్లో ఉండగా ఒక ఫియట్ మమ్మల్ని దాటిపోయింది. దాటుతూ ఆ డ్రైవరు కిటికీలోంచి అరిచాడు.

"ఏమప్పా, ఎద్దులకు మేత ఏసినారా లేదా?"

అన్న నవ్వి చెయ్యి ఊపాడు. నాకు మాత్రం ముఖం మీద ఉమ్మినట్టయింది. ఆ సాయంత్రమే ఇంజన్ హెడ్డు గీయిద్దామని అన్నతో అన్నాను. సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇనప దిమ్మె హెడ్డు. దాని అడుగు కాస్త గీయిస్తే లోపలి ఖాళీ తగ్గుతుంది, ఇంజన్ ఎక్కువగా నొక్కుతుంది, బండికి లాగుడు వస్తుంది.

"వద్దురా," అన్నాడు అన్న. "కంపెనీవోడు ఎంత పెట్టినాడో అంతే ఉండనీ. మనం పందేలకు పోతా ఉండామా? జనాన్ని మోస్తా ఉండాం."

మరదలి పెళ్ళికని అన్న నగరికి వెళ్ళినప్పుడు, నేనే బండిని చిత్తూరు లేతు షాపుకు తీసుకుపోయి గీయించాను. పని అయ్యాక లేతు ఆయన చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"సామీ, ఇంత గీసినాక దీనికి తొంభై మూడే పొయ్యాల. తెలుసు కదా?"

"స్పేరు పార్టులు అమ్మేవోణ్ణప్పా నేను. నాకే చెప్తావా?" అన్నాను.

ట్యాంకు నిండా తొంభై మూడు పోయించి ఇంటికి తెచ్చాను. అన్న తిరిగొచ్చి, మొదటిసారి కొండెక్కి దిగి, నేరుగా మా అంగడికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఒరే, బండి లాగతా ఉండాదిరా! ఏం చేసినావు దానికి?"

"వాల్వులు సర్దించినా."

"మంచి పని చేసినావు," అని భుజం తట్టాడు. ఆ తట్టుడు నాకు బాగుంది. అందుకే నిజం చెప్పలేదు.

ట్యాంకు అయిపోయింది. అన్న ఎప్పటిలాగే స్టాండు పక్కనున్న బంకులో ఎనభై మూడు పోయించాడు. కొండ ఎక్కుడులో ఇంజన్ లోపల చప్పుడు మొదలైంది. సత్తు డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టుందని చెప్పాడు.

"టకటకా కొడతా ఉండాదిరా. ఒకతూరి వచ్చి ఇను."

నేను వినాల్సిన పనేముంది? "తొంభై మూడు పోయించన్నా," అన్నాను.

"ఎందుకు? మన బండికి ఎనభై మూడు చాలని కంపెనీవోడే చెప్పినాడు. ఇన్నేండ్లు అదే కదా పోస్తా ఉండాం?"

అన్నకు తెలిసినంతలో అది న్యాయమైన మాట. ఇక్కడ హెడ్డు గీయించానని ఒక్క మాట అంటే సరిపోయేది. రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. నేనన్నది వేరు.

"అట్లయితే నీ చేతిలోనే ఉండాది లోపం. గేరు లేటుగా దించతా ఉండావేమో సూసుకో."

అన్న నమ్మాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి మలుపుకు ఇంకా ముందే గేరు దించేవాడు, ఇంకా మెల్లగా ఎక్కించేవాడు. అన్నేళ్ళుగా నడిపిన చెయ్యిని తనే అనుమానించుకోవడం మొదలుపెట్టాడు. స్టాండులో వాళ్ళు ఊరుకుంటారా? "ఏమన్నా, గేరు రాడ్డుకు పూజ చేస్తా ఉండావా?" అని ఆటపట్టించేవాళ్ళు.

ఎండాకాలంలో ఒకరోజు, చిత్తూరు నుంచి నిండు బండితో నేరుగా కొండెక్కుతుంటే పిస్టన్‌కు బొక్క పడింది. కబురు తెలిసి నేను ఇంకో టాక్సీలో వెళ్ళేసరికి, బండి రోడ్డు వారన ఆగి ఉంది. చక్రాల కింద రాళ్ళు పెట్టారు. గుండు చేయించడానికి తెచ్చిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఒక తల్లి పిట్టగోడ మీద కూర్చుంది. మా స్టాండు డ్రైవర్లు కొందరు తమ బండ్లు ఆపి చూస్తున్నారు. అన్న నూనె చేతులతో నా దగ్గరికి వచ్చాడు.

"ఏమైందో తెలీలేదురా. రెండో గేరులోనే ఉండినాను."

"రెండులో ఉండుంటే ఇట్లెందుకైతాది? ఇంజన్ను చంపేసినావు. డ్రైవింగు చేతగానోడికి బండిచ్చినాను సూడు, నాది తప్పు!"

అందరూ విన్నారు. వినాలనే అంత గట్టిగా అన్నాను.

బండికి కొత్త పిస్టన్లు వేయించాను. హెడ్డుకూ సిలిండర్లకూ మధ్య పరిచే గ్యాస్కెట్టు దళసరిది ఒకటి వేస్తే లోపలి ఖాళీ పెరిగి, ఇంజన్ చాలావరకు పాతదానిలా అయిపోయేది. ఆ గ్యాస్కెట్టు మా అంగట్లోనే ఉంది. వేయించలేదు. ఆ లాగుడు వదులుకోబుద్ధి కాలేదు. అన్నను దించేసి వేరే డ్రైవర్ని పెట్టి, తొంభై మూడు తప్ప ఇంకేమీ పోయొద్దని అతనికి గట్టిగా చెప్పాను. బండి చప్పుడు లేకుండా కొండెక్కింది. ఆ ఫియట్‌ను కూడా దాటింది.

స్టాండుకు ఇంకేం రుజువు కావాలి? "సూసినారా, బండి బంగారం. చెయ్యే బాగలేదు," అన్నారు. తమ ఆడవాళ్ళను అన్న బండిలో పంపినవాళ్ళే అన్నారు. అన్న వేరే ఓనర్లను పని అడిగితే "సూద్దాంలేన్నా" అని పంపించేశారు. నేను మాత్రం ఆ బండి కిరాయితోనే బతుకుతూ, అన్నం బాగానే తింటూ, నిద్ర బాగానే పోయాను. పట్టలేదని అబద్ధం చెప్పను.

కొత్త డ్రైవరు టీ తాగుతూ పెట్రోలు సంగతి మాటల్లో అన్నతో అనేశాడు. అన్న అంగడికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ బండికి తొంభై మూడే ఎందుకు పోయిస్తా ఉండావు?"

నేను అరలో డబ్బాలు సర్దుతూ ఉండిపోయాను.

"హెడ్డు గీయించినావు. అవునా, కాదా?"

"అవునన్నా."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "స్టాండులో చెప్పు. ఆ పొద్దు ఎంత గట్టిగా అరిచినావో అంత గట్టిగా చెప్పు. నాకింకేం వద్దురా."

వెళ్ళాను, చెప్పాను. ఏమని? "మా అన్న తప్పేం లేదప్పా. పెట్రోలు సరిపడలా." ఇది అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ ఇంజన్‌కు ఆ పెట్రోలు సరిపడలేదు కదా! ఎంత తెలివో చూడండి.

"బంకోడు కిరసనాయిలు కలిపినాడా?" అన్నాడొకడు. నేను ఔననలేదు, కాదనలేదు. ఆ తర్వాత మా స్టాండు టాక్సీ ఒక్కటీ ఆ బంకుకు పోలేదు. అక్కడ పెట్రోలు పోసే ముసలాయన చొక్కా పట్టుకుని ఒకడు గొడవ కూడా చేశాడు.

అది విని అన్న స్టాండుకు వచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"బంకాయన్ని వదలండప్పా," అన్నాడు అందరితో. "పెట్రోల్లో ఏం లేదు. మా బండికి హెడ్డు గీయించి ఉండాది. గీసిన ఇంజన్‌కు ఎనభై మూడు పోస్తే బొక్క పడక ఏమైతాది?"

"ఎవురన్నా గీయించింది?"

అన్న నా వైపు చూశాడు. నేను నోరు తెరవడానికి కావలసినంత సేపు చూశాడు. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, "మా బండి. మేమే గీయించుకున్నాం," అన్నాడు.

"మేమంటావేంది? నడిపింది నువ్వే కదా!" అన్నాడు ఆ ఫియట్ డ్రైవరు. "నువ్వు గీయించి, నువ్వే మామూలు పెట్రోలు పోసి, ఆ ముసలోడికి చెడ్డపేరు తెచ్చినావే! ఇంతకాలం నోట్లో ఏం పెట్టుకోనుంటివి?"

"ఈ వయసులో పందేలు కావాల్సొచ్చినాయా సామీ?" అని ఇంకొకడు అందుకున్నాడు. అందరూ నవ్వారు.

బండి తాళం నా చేతిలోనే ఉంది. దాన్ని జేబులో వేసుకున్నాను.

అన్న మళ్ళీ జనాన్ని ఎక్కించే బండి పట్టలేదు. చిత్తూరు వైపు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే ట్రాక్టరు నడిపాడు. పెద్ద మనసుతో తమ్ముణ్ణి కాపాడాడని తర్వాత నిజం తెలిసిన మా చుట్టాలు ఇప్పుడు అంటుంటారు. వాళ్ళకు ఎలా చెప్పాలి? ఆ రోజు అన్న నాకు నోరు తెరిచే వ్యవధి ఇచ్చాడు. దాన్ని నేను మింగేశాను. నన్ను తిట్టేవాళ్ళు ఎవరూ మిగలలేదు కాబట్టి నేనే తిట్టుకుంటున్నాను. అది కూడా చవకైన పనే.

అన్న స్టాండులో ఆ మాట అన్న సాయంత్రమే బండి తీసుకుని ఆ బంకుకే వెళ్ళాను. ముసలాయన పైపు ట్యాంకులో పెట్టి, నా వైపు చూసి తృప్తిగా తలూపాడు.

"మీ అన్న మంచోడు సామీ. తన తప్పు తానే ఒప్పుకున్నాడంట. ఈ కాలంలో ఎవురు ఒప్పుకుంటారు?"

"నిండా పొయ్యి," అన్నాను.