గాజుల కొలతతో కొన్న గ్లౌజులు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున లేవగానే అందరూ అడిగే మొదటి మాట "ఇయ్యాల బంద్ ఉన్నదా?" అనే. పాలు వచ్చాయా, నల్లాలో నీళ్లొచ్చాయా అన్నవి ఆ తర్వాతే. తెలంగాణ కోసం ఉద్యమం గట్టిగా నడుస్తున్న కాలం. బంద్ అంటే బస్సులుండవు, దుకాణాలుండవు, కాలేజీలుండవు. ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డంతా నడిచే మనుషులదే. వెనక్కి తిరిగి చూస్తే నేను ఎక్కువగా నడిచిందీ, ఎక్కువగా నవ్విందీ, ఎక్కువ పొగరుగా ఉన్నదీ ఆ రెండు మూడేళ్లలోనే అనిపిస్తుంది. (నేను చదివింది ఐదో తరగతి వరకే. ఉత్తరం కన్నా పెద్దది రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా తడబడితే మీరే సర్దుకొని చదవండి.)

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. మాది పోచంపల్లి పక్కన ఊరు, ఇంట్లో అందరూ మగ్గం మీద పనిచేసేవాళ్లే. మా చిన్నమ్మకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో గాజుల దుకాణం ఉండేది, తోడుగా ఉంటుందని నన్ను తెచ్చుకుంది. మేముండే కిరాయి ఇల్లు మాత్రం ఎల్‌బీ నగర్‌లో. చిన్నమ్మ నాకు నేర్పిన విద్య ఒక్కటే. వచ్చిన ఆడమనిషి చెయ్యి పట్టుకొని, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదళ్ల దగ్గర ఒక్కసారి నొక్కి, రెండు-నాలుగా, రెండు-ఆరా అని కొలత చెప్పేయడం. గాజు ఆ ఎముకల మీదుగా నొప్పి లేకుండా జారి, మణికట్టు దగ్గర వదులుగా నిలబడి గలగలమంటే అది సరైన కొలత. ఆరు నెలల్లో నాకది ఎంత బాగా వచ్చేసిందంటే, బస్సులో ఎదురుగా కడ్డీ పట్టుకొని నిలబడ్డవాళ్ల చేతులు చూసి కూడా మనసులోనే కొలతలు చెప్పుకునేదాన్ని. చేతుల సంగతి ప్రపంచంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఒక నమ్మకం పడిపోయింది. ఈ కథలో జరిగిన తప్పంతా ఆ నమ్మకానిదే.

కరాటే నా జీవితంలోకి బంద్‌ల వల్లే వచ్చింది. బస్సులు లేని రోజు దుకాణం కట్టేసి మేమిద్దరం ఇంటికి నడిచి వస్తుంటే చిన్నమ్మకు ఒకటే పరేషాన్, దారిలో ఎవడన్నా అడ్డం వస్తే ఎట్లా అని. అదే టైములో క్లిప్పులు కొనడానికి మా దుకాణానికి ఒక అమ్మాయి వచ్చేది. చైతన్యపురిలో హాస్టల్లో ఉండి ఏదో పరీక్షకు కోచింగ్ తీసుకునేది, గుంటూరు వైపు పిల్ల. నేను హాస్టల్ అక్క అనేదాన్ని. ఎల్‌బీ నగర్‌లో ఒక స్కూలు గ్రౌండులో పొద్దున్నే కరాటే నేర్పుతారనీ, తాను కూడా వెళ్తాననీ ఆమె చెప్పింది. చిన్నమ్మ వెంటనే ఒప్పుకుంది. నాతో పాటు తానూ నేర్చుకుంటానంది కూడా, కానీ మొదటి రోజు గ్రౌండు చుట్టూ రెండు చుట్లు పరుగెత్తమనేసరికి ఆ ఆలోచన అక్కడే మానుకుంది.

మాస్టర్ మంచివాడు, కానీ మాట తక్కువ. నాలుగు నెలలు పోయాక ఆదివారం పోటీలున్నాయని చెప్పి, పాల్గొనేవాళ్ల పేర్లు కాగితం మీద టైపు చేయించి స్కూలు గోడకు అంటించాడు. అందులో నా పేరు ఉంది. మీకు ఇది చిన్న సంగతి కావచ్చు. ఐదో తరగతి హాజరుపట్టీ తర్వాత నా పేరు ఎవరూ ఏ జాబితాలోనూ రాయలేదు. నేను ఆ గోడ ముందు నుంచి అవసరం లేకపోయినా రోజుకు మూడుసార్లు నడిచాను. పోటీకి ఎవరి గ్లౌజులు వాళ్లే తెచ్చుకోవాలనీ, ఒకరి చేతికి కుదిరినవి ఇంకొకరికి కుదరవనీ మాస్టర్ గట్టిగా చెప్పాడు. హాస్టల్ అక్క నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో తనకు తెలిసిన ఆటసామాన్ల దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణం నడిపేది కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. అక్క బాబాయ్ గారు అంటుందని నేనూ అలాగే పిలిచాను.

బాబాయ్ గారు నాలుగైదు జతలు ముందు పెట్టి, పిడికిలి బిగించి చూసుకోమన్నారు. అవి వేళ్ల వెనకంతా మెత్తటి దిండులా ఉండి, మణికట్టుకు అతుక్కునే పట్టీ ఉన్న గ్లౌజులు. నేనేమో చెయ్యి ఇలా పెట్టగానే అలా జారిపోయిన ఎర్రజతను తీసుకున్నాను. ఎముకల దగ్గర ఎక్కడా పట్టలేదు, మణికట్టు దగ్గర హాయిగా వదులు. నా లెక్కలో అంతకన్నా మంచి కొలత లేదు. ఆయన ఇంకొకసారి చెప్పబోతే, "చేతుల కొలత నాకు చెప్పకుండ్రి బాబాయ్ గారు, నా పనే గది" అన్నాను. (ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) ఆయన అక్క వైపు ఒకసారి చూసి, కుదరకపోతే తెమ్మని మాత్రం చెప్పి కట్టి ఇచ్చారు. ఎదిగే పిల్లకు వదులే మంచిదని ఇంటికొచ్చాక చిన్నమ్మ కూడా మెచ్చుకుంది. పద్దెనిమిదేళ్లు నిండాక చేతులు ఇంకెంత ఎదుగుతాయని ఇద్దరికీ తోచలేదు.

పోటీల కోసమని శుక్రవారం దుకాణాలు కట్టేసే వేళ పెట్టిన ప్రాక్టీసులో వాటిని మొదటిసారి తొడిగాను. ఎదురుగా హాస్టల్ అక్క. నా బలమంతా కూడగట్టి కుడిచేత్తో గుద్దు విసిరాను. నా చెయ్యి మధ్యలోనే ఆగింది, గ్లౌజు మాత్రం ఆగలేదు. అక్క భుజం మీదుగా పోయి, గోడ దగ్గర నిలబడి చాయ్ తాగుతున్న మాస్టర్ గ్లాసుకు తగిలింది. చాయ్ అంతా ఆయన తెల్లబట్టల మీద. పిల్లలందరూ కూర్చుండిపోయి నవ్వారు. మాస్టర్ నవ్వలేదు. గ్లౌజు తీసుకొని నా చేతికి మళ్లీ తొడిగి, ఒక వేలితో లాగితే ఊడొచ్చింది.

"గుద్దేటప్పుడు గిది పక్కకు జరిగితే వేలు ఇరుగుతది. నీ వేలిరిగితే మీ చిన్నమ్మకు నేనేం జవాబు చెప్పాలె? సరైనవి లేకుంటే ఆదివారం మ్యాట్ ఎక్కనియ్య" అన్నాడు. వాటినే మార్చుకు తెస్తానన్నాను. శనివారం బంద్ అని అప్పుడు ఎవరో గుర్తు చేశారు. గోడ మీద నా పేరు అలాగే ఉంది.

శనివారం పొద్దున చిన్నమ్మకు చెప్పి, ఎల్‌బీ నగర్ నుంచి నడక మొదలుపెట్టాను. సంచి లేక గ్లౌజులు చేతులకే తొడుక్కున్నాను. విజయవాడ రోడ్డు ఖాళీగా ఉంది, చైతన్యపురి దగ్గర కోచింగ్ పిల్లలు రోడ్డు మధ్యలో వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు. ఒక పోలీసాయన నా చేతుల వైపు చూసి ఆపాడు.

"ఎవల్ని కొట్టనీకి పోతున్నవ్ బిడ్డా?"

"ఎవ్వల్ని కాదు సార్. లూజున్నయి, మార్చుకోనీకి పోతున్న."

ఆయన నా గ్లౌజు ఒకటి లాగి చూశాడు. ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. నిజమేనని ఒప్పుకొని పంపించేశాడు.

బాబాయ్ గారి ఇల్లు దుకాణం వెనకే అని నాకు తెలుసు, కానీ వెనక దారి ఎటో తెలియదు. షట్టర్ దబదబ బాదాను. గ్లౌజులుండేసరికి నొప్పి తెలియక ఇంకా గట్టిగా బాదాను. లోపలి నుంచి వణుకుతున్న గొంతు వినిపించింది. "జై తెలంగాణ నాయనా, జై తెలంగాణ. తెరవలేదు, పొద్దున్నుంచీ తెరవలేదు." నేను భయపడి, గాజుల దుకాణం పిల్లనని చెప్పాను. తర్వాత షట్టర్ మోకాలంత ఎత్తు లేచింది. నేను వంగి లోపలికి దూరగానే మళ్లీ కిందికి దిగింది.

ఆయన ముందు నన్ను తిట్టాలి నిజానికి. ఆ రోజుల్లో ఆంధ్ర వాళ్లు బంద్‌నాడు దుకాణం తెరిస్తే ఏమవుతుందోనని ఎంత భయపడేవారో నాకు తెలియంది కాదు. అయినా ఆయన లైటు వేసి, స్టూలు జరిపి, నా ఎర్రగ్లౌజులు పక్కన పెట్టేసి నా చేతులు రెండూ చూశారు.

"ఇది గాజు కాదమ్మాయ్. గాజు చేతి మీద తిరగాలి. ఇది చేతితో పాటు తిరగాలి. నువ్వు చెయ్యి చాపి చూసుకున్నావు, గుద్దేది పిడికిలితో కదా" అన్నారు.

అంతే చెప్పారు. ఆరు నెలల నా విద్య ఆ నాలుగు మాటలతో కింద కూర్చుంది. ఆ తర్వాత ఒక్కో జతా తొడిగించారు. మెత్త సరిగ్గా వేళ్ల మొదళ్ల మీద కూర్చుందా, బొటనవేలు తన గదిలో కదలకుండా ఉందా, పట్టీ బిగించి చెయ్యి విదిలిస్తే ఏమన్నా జరుగుతోందా అని చూశారు. ఒక జత మరీ బిగుతై, కాసేపు పిడికిలి పట్టుకునేసరికి వేళ్లు తిమ్మిరెక్కాయి. అదీ కాదన్నారు. నాలుగో జత తొడిగాక, గుద్ది చూడమని క్రికెట్ ప్యాడ్ ఒకటి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. నేను సంతోషం కొద్దీ కాస్త ఎక్కువే గుద్దాను. ఆయన వెనక ఉన్న ఫుట్‌బాళ్ల అట్టపెట్టెల మీద పడ్డారు, ఆ పెట్టెలన్నీ ఆయన మీద పడి బంతులు దొర్లాయి.

సరిగ్గా అప్పుడే బయట ఊరేగింపు పోతోంది. నినాదాలు ఆగిపోయాయి. లోపట ఎవరినో కొడుతున్నరని ఎవరో అనడం వినిపించింది. షట్టర్ మీద దెబ్బలు పడ్డాయి. బాబాయ్ గారి ముఖంలో రంగు పోయింది. నా వల్ల ఈయన దుకాణం పోతుందని నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే పోయి షట్టర్ నేనే ఎత్తాను. ఎదురుగా యాభై మంది, గులాబీ కండువాలు. ముందున్న అన్న నా గ్లౌజులు చూశాడు, బంతుల మధ్య కూర్చున్న బాబాయ్ గారిని చూశాడు.

"ఏంది పిల్లా, ముసలాయన్ని కొడుతున్నవా?"

"లేదన్నా. రేపు నాకు పోటీ ఉన్నది. సరైన గ్లౌజులు లేకుంటే మ్యాట్ ఎక్కనియ్యరు. ఆయన దుకాణం తెరవలే, నేనే షట్టర్ గుద్ది గుద్ది తెరిపిచ్చిన. ఏమన్న అనేదుంటే నన్ను అనుండ్రి."

ఆ అన్న కండువా సర్దుకొని ఇంకా దగ్గరికి వచ్చాడు. తర్వాత "ఏదీ, పిడికిలి పట్టు" అన్నాడు. పట్టాను. బొటనవేలు దగ్గర నొక్కి చూసి, జర వదులుందన్నాడు. పక్కనున్నాయన కాదు, సరిగ్గానే ఉందన్నాడు. వెనక నుంచి ఒక పెద్దాయన, మణికట్టు పట్టీ ఇంకో చుట్టు రావాలని చెప్పాడు. రోజూ పిడికిలెత్తి నడిచే మనుషులు కదా, పిడికిలి గురించి అందరికీ ఒక అభిప్రాయం ఉంది. ఐదు నిమిషాలు నా చెయ్యి ఊరేగింపులో చేతులు మారింది. బాబాయ్ గారు బంతుల్లోంచి లేచి, ఒక సైజు తక్కువది తెచ్చి తొడిగారు. ముందున్న అన్న లాగాడు, రాలేదు. ఇంకొకాయన లాగాడు, రాలేదు. "గివే" అని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. (ఆ వీధిలో అంత తొందరగా అందరూ ఒప్పుకున్న తీర్మానం ఇంకోటి నేను చూడలేదు.) అన్న బాబాయ్ గారితో, "లోపట జల్ది కానిచ్చి పంపుండ్రి, ఏం భయపడకుండ్రి" అని చెప్పి, షట్టర్ తానే కిందికి దించాడు. బయట నినాదాలు మళ్లీ మొదలయ్యాయి. బాబాయ్ గారు స్టూలు మీద కూర్చొని, నాకొక గ్లాసు నీళ్లిచ్చి, తానొక గ్లాసు తాగారు.

ఆదివారం మాస్టర్ నా గ్లౌజులు లాగి చూసి, తల ఊపి, మ్యాట్ మీదికి పంపాడు. మైకులో నా పేరు పిలిచారు. ఎదురుగా పెద్ద అంబర్‌పేట్ నుంచి వచ్చిన పిల్ల, నాకన్నా జానెడు పొడుగు. మొదటి గుద్దు తను కొట్టింది, రెండోదీ తనే కొట్టింది. మూడోది నాది. శుభ్రంగా, నిండుగా తగిలింది, జడ్జి జెండా లేచింది. నాకు దక్కిన పాయింటు అదొక్కటే. ఓడిపోయి దిగాను. కానీ చిన్నమ్మ నేను గెలిచాననుకొని, చుట్టూ ఉన్నవాళ్లందరికీ చెప్పేసింది, నేనూ వెంటనే సరిదిద్దలేదు.

సోమవారం దుకాణానికి పోయే ముందు బాబాయ్ గారి దగ్గర ఆగాను. ఓడిపోయానని ఎలా చెప్పాలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆయన గెలిచావా, ఓడావా అని అడగనే లేదు. కళ్లద్దాలు పైకి తోసి, "జారలేదు కదమ్మా?" అన్నారు.

"జారలే బాబాయ్ గారు."

ఆయన ముఖంలో కనిపించిన సంతోషం, పోటీ గెలిచిన పిల్ల ముఖంలో కూడా నేను చూడలేదు. థాంక్స్ చెప్పాలని నోటి దాకా వచ్చింది. కానీ ఆ వయసులో అలాంటి మాట చెప్పడానికి నాకు సిగ్గు. "పోయొస్త" అని మాత్రం చెప్పి వచ్చేశాను. ఇప్పుడైతే తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆ రోజు నేర్చుకున్నది ఇంతే. తెలుసనుకున్న పనిలో కూడా ఎదుటి మనిషి మాట ఒకసారి వినాలి. నేను అంత బాగా నేర్చుకున్నానా అంటే, మా ఇంట్లోవాళ్లు లేదనే చెబుతారు.

నా కూతురు అప్పుడప్పుడు అడుగుతుంటుంది, అమ్మా, నువ్వు కరాటే పోటీకి పోయినవు కదా, గెలిచినవా అని. "జారలే" అంటాను. అదేం జవాబని అది నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. దానికి ఈ కథంతా చెప్పడానికి ఎప్పుడూ టైం చాలలేదు. అందుకే ఇక్కడ రాశాను.