కుంట మట్టి తోలిన చేను

డిగ్రీ చదివి తోటకూర అమ్ముతావా అని అడిగినవాళ్లకు నాది ఒకటే జవాబు: అమ్ముతా, నీకేం నష్టం? మీర్‌పేట్ అవతల మాకు ఎకరం చేనుంది. పొద్దున్నే పాలకూర, తోటకూర, గోంగూర కోసి, షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ తెచ్చి, కోచింగ్ సెంటర్ల సందు మొదట్లో కూర్చుంటాను. నా కూర కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. ఆ పేరు నాకు డిగ్రీ కంటే ఎక్కువ.

ఆ పేరును నేనే మట్టిపాలు చేసుకోబోయాను. మాది నల్లగొండ దిక్కు. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక మట్టి తవ్వి చేలకు తోలడం మా వైపు మామూలే. ఒక ఏడు తోలితే నాలుగేళ్లు పెంట ఎరువు అక్కర్లేదంటారు. ఇక్కడ మా చేను పక్క కుంటలో పూడిక తీస్తుంటే నాయన సంబరపడిపోయాడు.

"బంగారం బిడ్డా! పైస లేకుండ ఫుకట్ల ఇస్తుండ్రు, తోలిద్దాం" అన్నాడు.

నేనే దగ్గరుండి ట్రాక్టర్ల మీద తోలించాను. ఊరి చెరువులోకి వాన నీళ్లొస్తాయి. ఈ కుంటలోకి పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్ల నీళ్లొస్తాయి. రోజూ ఆ షెడ్ల ముందు నుంచే నడిచే నాకు ఆ ముక్క తట్టలేదు. చదువుకున్న గాడిదను!

ఆ ఏడు పాలకూర అరచేయంత ఆకులేసింది. నా దగ్గర కొనే మేడమ్ ఒకరున్నారు, గుంటూరు మనిషి, కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతారు. ఆవిడకు కుంట మట్టి సంగతి గొప్పగా చెప్పాను. సంచిలో వేసుకున్న కట్టలు తీసి మళ్లీ బుట్టలో పెట్టేశారు.

"ఏమనుకోకమ్మా, ముందు ఆ మట్టి పరీక్ష చేయించు. బాగుంటే నేనే వచ్చి కొంటాను."

నాకు ఒళ్లు మండింది. పరీక్ష కాగితం ఆవిడ ముందు పడేద్దామనే మట్టినీ ఆకునూ ల్యాబ్‌కు ఇచ్చాను. సీసం, కాడ్మియం రెండూ ఉండాల్సినదాని కంటే ఎక్కువని వచ్చింది. ఆకులోనూ ఉన్నాయి. నా కూతురు ఆ పాలకూర పప్పు మారు పెట్టించుకుని మరీ తిన్నది. గట్టు మీద కూర్చుని బోరున ఏడ్చాను.

"ఎవరికెరుక బిడ్డా? గీ ఒక్క కోత అమ్ము. జర కోళ్ల పెంట కొడితే అంత మంచిగైతది" అన్నాడు నాయన.

"నా బిడ్డకు పెట్టంది మందికి పెడతనా నాయినా? నాతోని కాదు."

నిలబడ్డ పైరంతా పీకి పారేశాను. మర్నాడు ఖాళీ బుట్టతో నా చోటికే వెళ్లి, వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను: నా చేలో సీసం ఉంది, మీరు తిన్నది అదే, తప్పు నాది. ఒకామె నన్ను నడిరోడ్డు మీద నోటికొచ్చినట్టు తిట్టింది. తల దించుకోకుండా ఆ తిట్లు పడ్డాను.

తర్వాత ఈ సంగతి విని మేడమ్ స్వయంగా చేనుకొచ్చారు. "పెంట వేస్తే సీసం మాయమైపోదమ్మా, మట్టిలోనే ఉంటుంది. కానీ మాగిన పశువుల పెంట దాన్ని పట్టి ఉంచుతుంది, మొక్కకు తక్కువ ఎక్కుతుంది. కోళ్ల పెంట వద్దు, వాటి దాణాలోనే రాగి, జింకు కలుపుతారు" అన్నారు.

సరూర్‌నగర్‌లో బర్రెలున్నవాళ్ల దగ్గర పెంట తెచ్చి వేస్తున్నాను. తినే పంట ఏదీ వేయలేదు, బంతి వేశాను. ఈలోగా ఒక బ్రోకర్ వచ్చాడు.

"భూమి ఖరాబైంది గదక్కా, ప్లాట్లు కొట్టి అమ్ముదాం" అన్నాడు.

"ఖరాబు చేసింది నేను, బాగు చేసేది గూడ నేనే. నడువ్!" అన్నాను.

ఇప్పుడు నా చోట్లో బంతిపూలు అమ్ముతున్నాను. మొన్న ఆ తిట్టినామె వచ్చి నిలబడింది. మళ్లీ తిడుతుందేమోనని నడుం బిగించాను.

"ఆకుకూర ఎప్పుడు తెస్తవ్?" అంది.

"మట్టి పరీక్షల ఇంక మంచిగ రాలేదక్కా. వచ్చినంక తెస్తా."

"వచ్చిననాడు చెప్పు. కాగితం నాకొద్దు, నువ్వు చెప్తే చాలు."

పావుకిలో పూలు అడిగింది. తూచాక ఇంకో గుప్పెడు వేశాను.