మా ఆయన ఎప్పుడూ తాగలేదు

మా ఆయన ఎప్పుడూ తాగలేదు. తాగింది నేను. ఈ ముక్క మొదటే రాసి పెడుతున్నాను. ఇదివరకు ఒకసారి వివరంగా రాసి పంపితే అచ్చులో తలకిందులైపోయింది.

మాకు కడియం దగ్గర మొక్కల నర్సరీ ఉంది. లోడు ఎత్తుకోవడానికి పై రాష్ట్రాల నుంచి వచ్చే లారీవాళ్ళు మా ఆయనకి మర్యాదగా సీసాలు ఇచ్చి వెళ్ళేవారు. ఆయన ముట్టరు. చుట్టాలొస్తే పనికొస్తాయిలే, బీరువాలో పెట్టు అనేవారు. అలా అవి నా చేతికొచ్చాయి. ఇక దాచడానికంటారా, మా ఇళ్ళల్లో ఆవకాయ జాడీని మించిన చోటు లేదు. తడి చెయ్యి తగిలితే బూజు పడుతుందని ఇల్లాలు తప్ప ఇంకెవరూ దాని గుడ్డ విప్పరు. మా అత్తగారు కూడా "కాస్త ఆవకాయ తీసిపెట్టమ్మా" అని నన్నే పిలిచేవారు. నేను పచ్చడి ఒక జాడీలోంచి తీసేదాన్ని, సీసా పక్క జాడీలోంచి తీసుకునేదాన్ని. ఇంటి ఆచారమే నా తాగుడికి కాపలా కాసింది.

తర్వాత మానేశాను. రాజమండ్రిలో ఆదివారం సాయంత్రాలు ఒక బడి గదిలో జరిగే, తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగుల వల్ల మానేశానని చెబితే చాలు. అక్కడ ఎవరి కథ వాళ్ళే చెప్పుకోవాలి. నువ్వు తాగుతున్నావు అని ఎదుటివాళ్ళని వేలెత్తి చూపకూడదు. మంచి నియమమే. కానీ ఒకావిడ విషయంలో అది నా నోరు కట్టేసింది.

ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చనే మీటింగులకి ఆవిడ నిడదవోలు నుంచి వచ్చేవారు. "మా ఆయన గురించి వచ్చానండి" అని చివరి వరసలో కూర్చునేవారు. నోట్లో ఎప్పుడూ లవంగం. దాని వెనక ఉన్న రెండో వాసన నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? నేనూ లవంగాలు నమిలే బతికాను. ఆ మీటింగుల్లో మాట్లాడేదంతా మగవాళ్ళే. ఆడవాళ్ళమంటే వాళ్ళ భార్యలమేనని అందరి లెక్క. ఆవిడ కూడా నన్ను అలాగే అనుకున్నారు. అందరి ముందు లేచి కాదనే ధైర్యం నాకింకా రాలేదు.

అప్పుడే ఆ మీటింగులు పెట్టే మా సంఘం పత్రికలో ప్రకటన వచ్చింది. మీ అనుభవాలు రాయండి, బొమ్మలు గీసి పంపండి, పేర్లు వేయం అని. ఆవిడ కోసమే కూర్చుని రాశాను. అరమర లేకుండా రాశాను. గుడ్డ విప్పిన జాడీ, అందులోంచి బయటికి కనిపిస్తున్న సీసా మెడ ఉన్న బొమ్మ కూడా గీశాను. "వచ్చే సంచికలో నాది వస్తుందండి, జాడీ బొమ్మతో, తప్పకుండా చదవండి" అని మాత్రం ఆవిడతో అన్నాను.

సంచిక వచ్చింది. అందులో మా ఆయన తాగుబోతు, నేను ఓర్చుకున్న ఇల్లాలిని. నా చేతుల వణుకు ఆయనకిచ్చారు. నా లవంగాలు ఆయన నోట్లో పెట్టారు. బొమ్మలో సీసా చెరిపేసి, జాడీకి మళ్ళీ గుడ్డ కట్టేసి, కింద 'ఇల్లాలి ఓర్పు' అని వేశారు. నా ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన చదివి నవ్వారు. "పోనీలేవే, నా మీద వేస్తే ఏమైంది? మగాడు తాగాడంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు."

"అందుకేనండి నాకు మండుతోంది" అన్నాను.

పత్రిక చూసే పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయనా ఒకప్పుడు తాగి మానేసినవారే. కాలవ గట్టున పడిపోయిన రోజు గురించీ, భార్య మీద చెయ్యి చేసుకున్న రోజు గురించీ అదే పత్రికలో రాసుకున్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

"మీ మంచికేనమ్మా. ఆడకూతురి గురించి అలా అచ్చేస్తే బాగోదు కదండి" అన్నారు.

"పేరే లేదు కదండి."

"పేరు లేకపోయినా, ఆడవాళ్ళు తాగుతారని ఉంటుంది కదమ్మా. పత్రిక ఇళ్ళల్లోకి వెళ్తుంది."

"నేనూ ఇంట్లోనే తాగానండి."

"ఆవేశపడకండమ్మా" అని ఫోన్ పెట్టేశారు. అండి, అమ్మా అంటూ ఇంత మెత్తగా నోరు నొక్కడం మా గోదావరి వాళ్ళకే చేతనవును. ఆయన గట్టిగా తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

తర్వాతి మీటింగుకి ఆవిడ పత్రిక చేత్తో పట్టుకుని వచ్చారు. నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

"మీరు రాసింది చదివానండి. ఎంత ఓర్చుకున్నారండీ! అచ్చం మా ఇల్లే. మా ఆయనా అంతే."

లవంగం వాసన గుప్పున కొట్టింది. తలుపు తీద్దామని నేను రాస్తే, వీళ్ళు ఆవిడకి ఇంకో గడియ చేసి పంపారు. నియమం వేలెత్తి చూపొద్దనే అంది. నా కథ నేను చెప్పుకోవచ్చు కదా.

"మా ఆయన చుక్క ముట్టరండి. తాగింది నేను. రోజూ తాగాను. పత్రికవాళ్ళు మార్చేశారు."

ఆవిడ చెయ్యి వదిలేశారు. పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. ముందు వరసలో ఎవరో మగాయన తన కథ చెబుతున్నాడు, అందరూ వింటున్నారు.

"ఎందుకు మార్చారండి?" అని అడిగారు.

"ఆడవాళ్ళు తాగుతారని వేస్తే బాగోదట."

ఆవిడ పత్రిక తీసి నా ఒళ్ళో పెట్టారు.

"మానేసిన మీ మాట అచ్చెయ్యడానికే వాళ్ళకి సిగ్గయితే, ఇంకా మానలేని నేను ఎవరికి చెప్పుకోనండి?"

"నాకు చెప్పండి" అన్నాను. కోపంగానే అన్నాను.