అందులో కరెంటు ఉంటుందాండి?

ఈ వానాకాలం మొదట్లో పాలకొల్లులో మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు, వాడి మనవరాలు వీధి గదిలో తలుపు చేరవేసుకుని, ఫోనులో ఇంజనీరింగు కాలేజీల పేర్లను బొటనవేలితో పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది. ఆప్షన్లు పెట్టుకోవడమంటే అదేనట. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే ఏ బ్రాంచి మంచిదని అడిగింది గాని నా జవాబు కోసం ఆగలేదు. తన చదువు పూర్తయ్యేనాటికి ఆ ఉద్యోగాలు మనుషులకు మిగులుతాయో లేదోనని భయంగా ఉందని, ఫోను మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. ఆ మాటతో నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. నా ఈడు వాళ్ళకు చెబితే తెలుస్తుంది, బ్రాంచి అనేసరికి మా ఇంట్లో ఎవరికీ జీతాలు గుర్తుకు రాలేదు, ప్రాణం గుర్తుకొచ్చింది.

మా ఊరు పాలకొల్లుకు దగ్గరే. కాలువ కింద వరిచేను, మెరక మీద కాస్త కొబ్బరితోట, తోటకూ, నారు పోసే ఆకుమడికీ నీళ్ళు తోడడానికి బోదె కాలువ గట్టున రేకుల పాకలో ఒక కరెంటు మోటారు ఉండేవి. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడైన మా మావయ్య, నరసాపురం రేవు అవతలి ఊరి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటూ నాన్నకు వ్యవసాయంలో సాయపడేవాడు. నాకు పదేళ్ళప్పుడు, తొలకరి వాన పడుతున్న ఒక సాయంత్రం, ఆకుమడి నిండిపోతోంది, మోటారు కట్టేసి రమ్మని అమ్మ అతన్ని పంపింది. బురద కాళ్ళతోనే వెళ్ళి స్టార్టరు పెట్టె మీద చెయ్యి వేశాడు, అంతే. నాన్న వెనకాల పరుగెత్తిన నాకు గుర్తున్నదల్లా రేకుల మీద వాన చప్పుడు, ఆ చప్పుడులో మోటారు ఇంకా తిరుగుతూనే ఉండడం, నన్ను లోపలికి పోనివ్వకుండా ఎవరో నడుం పట్టి ఎత్తేయడం. కరెంటు కొట్టిందన్నారు, రాసిపెట్టి ఉందన్నారు. రోజూ ముట్టుకునే పెట్టె ఆ రోజే ఎందుకు చంపిందో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నాన్న ఆ మోటారుకు కరెంటు తీయించేసి ఆయిలు ఇంజను పెట్టుకున్నాడు. ఇంట్లో మాత్రం దీపాలు తప్పవు గదా. అమ్మ స్విచ్చిని చేత్తో ముట్టడం మానేసి పప్పుగుత్తి కర్రతో నొక్కేది, చినుకు పడితే మెయిను తీయించి కిరసనాయిలు బుడ్డి వెలిగించేది. చూడడానికి నవ్వు రావలసిన పనే గాని మాలో ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. వానలో స్తంభం మీద తీగ జుయ్యిమంటుంటే నేనూ ఆ పక్కకు పోకుండా చుట్టూ తిరిగి బడికి వెళ్ళేవాణ్ణి.

ఇంటర్మీడియెట్ అయి ర్యాంకు వచ్చాక, మండపేటలో రైసుమిల్లు గుమాస్తాగా ఉన్న మా పెదనాన్ననూ, నాకు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మాస్టారినీ నాన్న ఇంటికి పిలిచాడు. వాళ్ళిద్దరూ అరుగు మీద, నాన్న గడపలో, అమ్మ తలుపు చాటున. పెదనాన్న మెకానికల్ అన్నాడు, చదివి వస్తే మిల్లులన్నీ కళ్ళకద్దుకుని తీసుకుంటాయన్నాడు. బాయిలరు దగ్గర పనిచేసేవాడు ఇల్లు చేరేదాకా వాళ్ళావిడ అన్నం ముట్టదని మీరే చెప్పారు గదండీ బావగారూ, అంది అమ్మ లోపలి నుంచి. ఏదో మాటవరసకి అన్నానమ్మాయ్, దాన్ని ఇన్నాళ్ళు దాచుకుంటావనుకోలేదు, అని ఆయన చుట్ట ముట్టించుకున్నాడు.

ఆ తరువాత మాస్టారు ఒక్కొక్క బ్రాంచి గురించీ ఓపికగా చెప్పుకొచ్చారు. చెప్పిన ప్రతిదానికీ అమ్మది ఒకటే ప్రశ్న.

"అందులో కరెంటు ఉంటుందాండి?"

సివిలులో కాంక్రీటు కలిపే మిషనుకు ఉంటుంది, కెమికలులో పంపులకు ఉంటుంది. అబద్ధం చెప్పలేని మనిషి కావడం చేత ఆయన ప్రతిసారీ ఉంటుందమ్మా అనేవారు, అమ్మ ప్రతిసారీ వద్దండీ అనేది. ఎలక్ట్రికల్ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. చివరికి ఆయనే ఎలక్ట్రానిక్సని ఒకటి కొత్తగా వచ్చిందనీ, అందులోనూ కరెంటు ఉంటుంది గాని ట్రాన్సిస్టరులో వేసే బ్యాటరీపాటిదేననీ, అది ఎవరినీ ఏమీ చెయ్యదనీ అన్నారు. అప్పుడు గాని అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని బయటికి రాలేదు.

నన్నెవరూ అడగలేదు, అడిగినా చెప్పే ధైర్యం నాకు లేదు. కరెంటంటే నాకూ వణుకే. కాని ఆ ఇనప పెట్టెలో ఏముందో తెలియకపోవడం అంతకంటే భయంగా ఉండేది. తెలియకుండా బతికినంత కాలం అది ఎక్కడో కాచుకుని కూర్చున్నట్టే అనిపించేది.

సీట్లు ఇచ్చేది విశాఖపట్నంలో. పెద్ద హాలులో నల్లబల్ల మీద బ్రాంచీలూ మిగిలిన సీట్లూ రాసి, పిల్లవాడు ఒకటి తీసుకోగానే ఒకటి చెరిపేవారు. తండ్రులందరూ ఆ చెరిపే గుడ్డనే చూస్తూ కూర్చున్నారు. నా పేరు పిలవబోయే ముందు ఎలక్ట్రానిక్సు చెరిగిపోయింది. మా దగ్గర్లోని కాలేజీల్లో మిగిలినవి సివిలూ ఎలక్ట్రికలూ. బల్ల దగ్గర ఉన్నాయన, త్వరగా చెప్పు బాబూ, నీ వెనక ఇంకా జనం ఉన్నారన్నాడు. నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. సివిల్ అను అంటే అనేవాణ్ణేమో. ఆయన ఆ మాట అనలేదు.

"మీ అమ్మకి నేనేం చెప్పనురా," అన్నాడు.

నేను ఎలక్ట్రికల్ అన్నాను. ఆ ఇనప పెట్టెలో ఏముందో చెప్పేది అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో నిడదవోలులో బండి మారేటప్పుడు కూడా, ఇంటికి వెళ్ళాక ఎవరు చెప్పాలన్నది ఇద్దరం ఎత్తలేదు. అమ్మ ఏడుస్తుందని కాదు, అన్నం మానేసి మూల కూర్చుంటుందేమోనని నా భయం. మావయ్య పోయినప్పుడు అలాగే కూర్చుంది. మేము వెళ్ళేసరికి చేటలో బియ్యం బాగు చేస్తోంది. నేనే చెప్పాను. చెయ్యి ఆగిపోయింది. నా వంక చూడలేదు, నాన్న వంక చూసింది, ఆయన తల దించుకున్నాడు. చేట పక్కన పెట్టి అడిగింది.

"మా తమ్ముడు ఎందుకు పోయాడో చెబుతారా అక్కడ?"

చెబుతారనుకుంటానన్నాను.

"అయితే తెలుసుకుని రా. ఏదీ ముట్టుకోకుండా తెలుసుకో."

రెండో ఏడాదిలో చెప్పారు. అది ఎర్తింగు పాఠం. సెలవులకు వచ్చి అమ్మను ఆ పాకకు తీసుకెళ్ళాను, ఆమె అక్కడ అడుగుపెట్టి ఏళ్ళయింది. తుప్పు పట్టిన పెట్టెను దూరం నుంచే చూపించి, తడికి లోపలి తీగ పాడై కరెంటు ఇనుములోకి వచ్చి ఉంటుందనీ, పెట్టె నుంచి భూమిలోకి ఒక తీగ దింపి ఉంటే అది ఆ దారినే పోయి ఫ్యూజు కొట్టేసేదనీ, ఆ తీగ లేక బురదలో నిలబడిన మనిషినే దారి చేసుకుందనీ చెప్పాను.

"నేను పంపినందుకు కాదా?"

కాదమ్మా అన్నాను. ఆమె గట్టు మీద కూలబడింది. ఆ తరువాత ఏ ఇంటికి వెళ్ళినా ఇదే ఆరా. మా చెల్లెలి అత్తవారింట్లో కాళ్ళయినా కడుక్కోకుండా, మీ మోటారుకి భూమిలోకి తీగ దింపించారా అన్నయ్యగారూ అని అడిగితే, కాఫీ అయినా తాగనివ్వండి చెల్లెమ్మగారూ అని ఆయన నవ్వాడు గాని, మరునాడే మనిషిని పిలిపించి దింపించాడు. అలాగని ఆమె భయం తీరిందా అంటే లేదు. నేను కరెంటాఫీసులో ఇంజనీరునై తుపానులకు పడిపోయిన లైన్ల వెంట తిరిగినన్నాళ్ళూ, నేను గుమ్మం ఎక్కేదాకా ఆమె అన్నం ముట్టలేదు.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఆ తీగ ఉంది, తేడా వస్తే తనంతట తానే పడి కరెంటు ఆపేసే స్విచ్చి ఉంది, పసివాళ్ళు కూడా వెనకాడకుండా ప్లగ్గులు పెడుతున్నారు. ఆ భయం పోవాలనే నేను ఉద్యోగమంతా పాటుపడ్డాను, పోయినందుకు సంతోషమే. కాని దానితోపాటు ఇంకొకటి కూడా పోయిందనిపిస్తుంది. ఒక పిల్లవాడి చదువు గురించి అరుగు మీద నలుగురు కూర్చుని, తమకేం భయమో సిగ్గుపడకుండా పైకి చెప్పుకుని, తప్పో ఒప్పో అందరూ కలిసి భయపడేవారు. నేటి పిల్లలు మాకంటే తెలివైనవాళ్ళు, మాకంటే ఎక్కువగానే భయపడుతున్నారు, ఆ భయపడేదేదో తలుపు చేరవేసుకుని ఒంటరిగా భయపడుతున్నారు. అడిగి కూర్చోబెట్టుకోవలసిన మాలాంటివాళ్ళకు వాళ్ళ భయానికి పేరైనా తెలియదు.