రెండోసారి విన్న పియానో

“తీగ తెగి పిల్ల కంట్లో పడితేనో, పిన్నీ?” అంది పాప తల్లి.

“ముందు కొననియ్యవే! తర్వాత తీరిగ్గా భయపడుదువుగాని,” అంది పిన్ని, పియానో ముందు పలక ఊడదీస్తూ.

మామగారి పియానోల మరమ్మతు కొట్లో పని నేర్చుకుని, ఆయన తర్వాత కొట్టు తనే నడిపిన మనిషి ఆవిడ. పాత పియానోలు కొనేవాళ్లు ముందు ఆవిడను అడగరు, కొన్నాక వచ్చి ఏడుస్తారు. అందుకే ఆవిడకు విసుగు ముక్కు మీదే ఉంటుంది.

ఇది వాళ్లు చూస్తున్న మూడోది. మొదటిదాంట్లో సుత్తులకున్న ఉన్నిని పురుగులు కొరికేశాయి. రెండోదానికి లోపలి ఇనప చట్రం చిట్లింది.

“పూర్వం చట్రం చెక్కతోనే చేసేవాళ్లు. తీగల బిగువుకి అది వంగిపోతోందనే ఇనుము పోతపోశారు. ఆ ఇనుమే పగిలాక అది పియానో కాదే, బీరువా!” అని వచ్చేసింది పిన్ని.

ఇంట్లో పియానో లేకపోతే ఇక నేర్పలేనని పాప సంగీతం టీచరు చెప్పేసింది. భౌతికశాస్త్రం చదివిన తల్లి ఈసారి ప్రతి స్వరాన్నీ ఫోన్‌తో కొలిచింది. అన్నీ సరిపోయాయి. హమ్మయ్య అనుకుంది.

పిన్ని తీగ చుట్టిన మేకుకు తాళంచెవిలాంటి పనిముట్టు తగిలించి తిప్పింది. “వెన్నలో గుచ్చినట్టు తిరుగుతోంది. పట్టు లేదు, తీగ బిగువు నిలవదు. వద్దు.”

“నిన్ననే శ్రుతి చేయించానండీ, వినండి!” అన్నాడు అమ్మే ఆయన.

“నిన్న చేయిస్తే ఇవాళ రేకు డబ్బా అయినా పాడుతుంది, నాయనా.”

“నీకేదీ నచ్చదు పిన్నీ! కొలతలన్నీ బాగానే ఉన్నాయిగా. పిల్లకేం చెప్పను?” అంటూ ఫోన్ ఆవిడ ముందుకు చాపింది తల్లి.

“నేనేమన్నా దానికి శత్రువునా? నీ కొలతలు తప్పన్నానా? దాచిపెట్టు. వచ్చేవారం మళ్లీ కొలువు. నిలిస్తే నోరు మూసుకుని నేనే మోయించుకొస్తా.”

వారం తర్వాత మధ్య స్వరాల్లో సగానికి పైగా శ్రుతి దిగిపోయాయి. అమ్మే ఆయన తప్పంతా వాన మీదకి నెట్టాడు. పిన్ని గెలిచిన మొహం పెట్టలేదు. ఇంకో వారం దండగైందని గొణుక్కుంటూ సంచీ సర్దుకుంది.

ఇప్పుడు నాలుగోది చూస్తున్నారు. ఇంకెవరో అడుగుతున్నారని అమ్మే ఆవిడ రోజూ ఫోన్ చేసి తొందరపెడుతోంది. పాప అలిగి మాట్లాడటం మానేసింది. అయినా తల్లి కదల్లేదు. మూడోదాన్ని వదిలేసి మెట్లు దిగుతూ పిన్ని అన్న మాటే పట్టుకుని కూర్చుంది: “మొదటి రోజు విన్నది నమ్మకే. మధ్యలో ఎవర్నీ శ్రుతి చెయ్యనివ్వకుండా, వారం ఆగి మళ్లీ విను. నిలిచిందే కొను.”