మిరపకోతల గడువు

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని చిరకాలం నడిపిన గ్రంథపాలకురాలు ఇటీవల కన్నుమూశారు. ఆవిడ పోయి వారం తిరక్కుండానే, ఫ్రెంచి విద్యార్థుల దగ్గరున్న నిఘంటువులను వెనక్కి తెప్పించమని పట్టుబట్టింది నేనేనన్న ప్రచారం మొదలైంది. అది అబద్ధం. ఆ మాట పుట్టడానికి ఆధారం లేకపోలేదు. అక్కడ ఫ్రెంచి బోధించిన కాలమంతా ఆ పుస్తకాలు బయటికి పంపవద్దని ఆవిడతో పోట్లాడాను, అదీ పదిమంది ఎదుట. అయితే పోట్లాడటం వేరు, మనిషి పోగానే ఆమె నిలబెట్టిన పనిని పడగొట్టడం వేరు.

మరణవార్త విన్నప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, ఊరట. దాచవలసిన పని లేదు. కొంతకాలంగా ఊపిరి కోసం ఆవిడ పడిన యాతన దగ్గరగా చూశాను. "నిద్రలోనే వెళ్ళిపోయారండీ, ఏ బాధా పడలేదు" అని వారి కోడలు ఫోనులో చెప్పినప్పుడు, నేను కూడా చాలా రోజుల తరువాత నిండుగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇక మా తగవు సంగతి. మా దగ్గర ఫ్రెంచి చదివే పిల్లల్లో చాలామంది ప్రత్తిపాడు చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చేవారే. మిరప కోతలు మొదలైతే తరగతులు పలచబడతాయి. కూలీలు దొరక్క, ఆడపిల్లలు కూడా చేలల్లోకి దిగుతారు. గ్రంథాలయ నియమమేమో పెద్ద నిఘంటువులూ, ఉచ్చారణ పాఠాల రికార్డింగులూ గుమ్మం దాటరాదని. దాటాలంటే ఉద్యోగి గానీ, పదవీ విరమణ చేసినవారు గానీ పూచీ పడాలి. పోయినా పాడైనా బాధ్యత వారిదే. కోతల వేళ అడిగిన ప్రతి విద్యార్థికీ ఆవిడే పూచీ. పదవీ విరమణ చేశాక కూడా ఆ అలవాటు మానలేదు. ఎప్పుడు తిరిగివ్వాలని పిల్లలు అడిగితే, "కోతలయ్యాక" అనేవారు.

ఒకసారి అలా వెళ్ళి వచ్చిన నిఘంటువును తెరిచి, ఆగకుండా తుమ్మాను. పేజీల అంచులన్నీ ఎర్రటి వేలిముద్రలు.

"ఇది పుస్తకమా, కారం డబ్బానా?" అన్నాను.

"ఘాటు తగిలిందా పంతులమ్మగారూ?" అని ఆవిడ నవ్వారు. "దీనికింక పురుగు పట్టదు లెండి. మీ బీరువాలో పుస్తకాలున్నాయే, అవి పెట్టెలో దాచిన పెళ్ళిచీరలండీ. కట్టేదీ లేదు, చిరిగేదీ లేదు."

నాకు కోపం వచ్చింది. ఆ కోపం చల్లార్చడానికే కాబోలు, మరుసటి ఆదివారం నన్ను బస్సెక్కించి ఒక విద్యార్థిని ఊరికి తీసుకువెళ్ళారు. ఊరిబయట కల్లంలో ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆ అమ్మాయి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, కాయలు తిరగేస్తూ, వినిపించిన ప్రతి వాక్యాన్నీ గట్టిగా అంటోంది. వాళ్ళమ్మ మాకు మజ్జిగ ఇచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "ఏవమ్మా, మా పిల్ల పొద్దస్తమానం ముక్కుతో మాట్టాడతంది. జలుబేమో అని కషాయం కూడా తాగించా. మీ సదువే అంతా?"

"అంతేనమ్మా. కషాయం పొయ్యబాకు, పాఠం పోద్ది" అన్నారు ఆవిడ.

కూలీలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల అనునాసికాలు నా తరగతిలో ముందు వరుసలో కూర్చునేవాళ్ళకన్నా శుద్ధంగా ఉన్నాయి. తిరుగు బస్సులో ఆ మాట ఆవిడతో అనలేదు. ఆవిడా అడగలేదు.

ఆవిడ ఇతర అలవాట్లు కూడా గుర్తొస్తున్నాయి. రంజాను మాసంలో ఉపవాసం విడిచే వేళకు కౌంటరు దగ్గరే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, ఎదుట నిలబడ్డ పిల్లకు ఇంకొకటి ఇచ్చేవారు. అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా మేడమ్ అన్న కుర్రాళ్ళతో, "ఫోనులో ఎతికితే నీక్కావలసిన మాట దొరుకుద్ది. పుస్తకంలో ఎతికితే దాని చుట్టపక్కాలు కూడా దొరుకుతారు" అనేవారు. ఈ మాటను నేను తరగతిలో ఎన్నోసార్లు వాడుకున్నాను, ఆవిడదేనని చెప్పి మరీ.

ఆవిడ మరణంతో ఆ పూచీ కూడా రద్దయింది. నియమం ప్రకారం పుస్తకాలన్నీ వెంటనే తిరిగి ఇవ్వాలని విద్యార్థులకు కబురు వెళ్ళింది. సరిగ్గా కోతల నడుమ. కోతలవగానే పరీక్షలు. ఎం.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి నాకే ఫోను చేసి నిలదీసింది: "మీరే అడిగించారంటగా మేడమ్? ఇప్పుడు ఇచ్చేస్తే మేం దేంతో చదవాల?" నా మీద సాగుతున్న ప్రచారం నా చెవిన పడింది అప్పుడే.

ఆ అమ్మాయికి సంజాయిషీ చెప్పుకోలేదు. చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. చివరి రోజుల్లో ఎన్నోసార్లు మంచం పక్కన కూర్చున్నా, ఆ పిల్లల పూచీ తీసుకోమని గ్రంథపాలకురాలు నన్ను ఏనాడూ అడగలేదు. అడిగి ఉంటే బహుశా కాదనేదాన్ని. ఒకరు చెప్పారని పని చేయడం నాకు చేతకాదని ఆవిడకు తెలుసు.

నిన్న ఉదయం ఆటో మాట్లాడుకుని ఒక్కదాన్నే గ్రంథాలయానికి వెళ్ళాను. ఇప్పుడున్న యువ గ్రంథపాలకుడు పూచీ కాగితాలు నా ముందుకు జరుపుతూ తటపటాయించాడు.

"అందరికీనా మేడమ్?"

"అందరికీ."

"ఒకసారి ఇంట్లో కనుక్కుంటే..."

"ఇంట్లో ఉన్నది నేనే నాయనా."

సంతకాలు చేశాను. బయటికి వచ్చేసరికి మనసు దూదిపింజలా తేలికపడింది. అన్న కొడుక్కి ఇంకా చెప్పలేదు. చెబితే, "ఈ వయసులో మీకెందుకత్తయ్యా ఈ పూచీలు?" అంటాడు. ఇది చదివి తెలుసుకుంటాడు.

ఈపాటికి ఏ కల్లం అంచునో, టార్పాలిన్ పట్టా నీడన, ఒక నిఘంటువు తెరిచే ఉండి ఉంటుంది. కోతలయ్యేదాకా దాన్ని ఎవరూ వెనక్కి అడగరు. పూచీ నాది.