పోపుల పెట్టెలో మాత్రలు

ఒకసారి డాక్టరు చీటీకెక్కిన మాత్రను మా వెంకటప్పయ్య బాబాయి చచ్చినా మానేవాడు కాదు. పన్ను పీకినప్పుడు ఐదు రోజులకని రాసిన గ్యాస్ బిళ్లను మొన్నమొన్నటి దాకా మింగాడు. పన్ను పోయి రెండేళ్లయినా, బిళ్ల మాత్రం ఉద్యోగంలోనే ఉండేది.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు లెండి. మానమంటే, "నడిచే యూనిట్‌ని ఎవడన్నా ఆపుతాడంట్రా?" అనేవాడు.

అప్పట్లో ఆయనవి తొమ్మిది మాత్రలు, సుబ్బరత్నం పిన్నివి ఐదు. ఒక్కోదానికి ఒక్కో గిన్నె. గుణదల ఇంట్లో ఉన్న రెండు పోపుల పెట్టెలూ వాటికే చాలక చాలినట్టుండేవి. ఆవాలూ మెంతులూ పచ్చడి సీసాల్లోకి కాపురం మార్చాయి.

పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు.

"నావి తొమ్మిది. నీవి?"

"ఐదు."

"ఐదేనా? కుర్రతనం నీది."

పిన్ని మూతి తిప్పుకుని గబగబా మింగేసేది.

కిందటి వేసవిలో బాబాయి కళ్లు తిరిగి వాషింగ్ మిషన్ను వాటేసుకున్నాడు. ఆ వారంలో అది మూడోసారి. నాకు నిజంగా భయం వేసి డాక్టర్ శ్రీదుర్గ గారి దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ చీటీలన్నీ పరిచి చూసింది. "వీటిలో రెండు బీపీ మాత్రలు ఒకటేనండి, పేర్లే వేరు. అందుకే తూలుతున్నారు. ఒక్కొక్కటే తగ్గించుకుంటూ నాలుగు చేద్దాం."

బాబాయి మొహం వాడిపోయింది. "ఆరుంచమ్మా."

"అవసరం లేదండి."

"పోనీ, రెండు ఉత్త పిండిబిళ్లలన్నా రాయి."

నాకు ఒళ్లు మండింది. "వంకాయల బేరమా బాబాయ్? పడితే తుంటి విరుగుద్ది."

ఆయన గొంతు తగ్గించాడు. "మీ పిన్ని గుండెకి స్టెంటు వేశాక తను మాత్ర ముట్టలేదురా. నన్ను జబ్బుమనిషిని చేశారని ఒకటే ఏడుపు. నాకు తొమ్మిది, నీకు ఐదేగా అన్నా. అప్పట్నించి మింగుతుంది. నేను నాలుక్కి దిగితే ఎట్టా?"

లెక్కేసి చూశాను. ఈ మాత్రల పిచ్చి మొదలైంది కూడా సరిగ్గా అప్పుడే.

డాక్టరమ్మ నవ్వింది. "ఆవిడ చీటీలు కూడా తీసుకురండి."

మర్నాడు పిన్నిని తీసుకెళ్లాం. గుండెకు కావలసిన మూడూ ఉంచి, రెండు విటమిన్ బిళ్లలు కొట్టేసింది. బాబాయి వేళ్ల మీద లెక్క చూసుకుని, హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాడు.

మూడు నెలల్లో తూలుడు పోయింది. నాలుగూ మూడూ ఏడు, ఒక్క పెట్టె సరిపోయింది. రెండో పెట్టెలోకి ఆవాలు తిరిగొచ్చాయి.

నా కడుపులో మాట దాగదు. అసలు సంగతి పిన్నికి చెప్పేశాను. ఆవిడ చాలాసేపు నవ్వి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"నాకు తెలిసిందని మీ బాబాయికి చెప్పబాక. పొద్దున్నే గెలిస్తేగాని ఆయనకి టిఫిన్ సహించదు."

మర్నాడు నేనక్కడే ఉన్నాను.

"నావి నాలుగు. నీవి?"

"మూడు."

"మూడేనా? కుర్రతనం నీది."

పిన్ని మూతి తిప్పుకుంది, రోజూకన్నా కాస్త ఎక్కువగానే.